ముస్తఫాకి అయిదు వోల్టులు

27 డిసెంబరు 2023, బుధవారం

వీడియో గేమ్ మిషను ఒకటి రిపేరుకొచ్చింది. ఇలాంటిది నా షాపు గడప తొక్కి ఏళ్లు దాటింది. తొంభైల చివర్లో కావలి ట్రంకు రోడ్డు పక్క సందుల్లో ఇవి ఉండేవి. బడి ఎగ్గొట్టిన పిల్లకాయలు గుంపుగా నిలబడి రూపాయి బిళ్లలు వేసేవాళ్లు. తర్వాత ఇంటర్నెట్ సెంటర్లు వచ్చినాయి, ఆ వెనకే సెల్‌ఫోన్లు. మిషన్లు పాత ఇనుము కొట్లకి పోయినాయి.

దీన్ని తెచ్చినతను కుర్రవాడే. తుమ్మలపెంట బీచికి పోయే దారిలో రేకుల షెడ్డు వేసుకున్నాడు. సంక్రాంతికి, ముఖ్యంగా కనుమనాడు, బీచికి జనం వస్తారు గదా, ఆ లోపల నడవాలంటాడు. ప్లైవుడ్ పెట్టె, ఎర్ర సన్‌మైకా, లోపల పాత కలర్ టీవీ ట్యూబు.

"ఆడతా ఆడతా మొదటికొస్తందన్నా. పిల్లకాయలు నాలుగో స్టేజీకి పోంగానే తెర నల్లబడుద్ది, మళ్లా పేరు కాడినుంచి మొదలు. డబ్బులు తిరిగిమ్మని ఒకటే గొడవ."

ఎప్పటినుంచి అని అడిగితే తుపాను తర్వాత నుంచి అన్నాడు. ఈ నెల 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్, దాటబోయే ముందు మన నెల్లూరు తీరాన్ని రాసుకుంటానే పైకి పోయింది. షెడ్డులోకి నీళ్లు రాలేదంట, జల్లు మాత్రం కొట్టిందంట. ఆ జల్లులో ఉప్పు ఉంటుందని ఎవరూ లెక్కేసుకోరు.

అసలు సంగతి చివర్లో చెప్పాడు. గేమ్ బోర్డు పోయిందని ఎవరో అంటే చెన్నై పోయి రిచీ వీధిలో ఇంకో బోర్డు కొనుక్కొచ్చాడంట. దానికీ అదే జబ్బు. నాకు ఆ మాటతోనే సగం పని అయిపోయింది. వేరే వేరే చోట్ల తయారైన రెండు బోర్డులకి ఒకే రోగం రాదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేందో చూడాలి. ఉమ్మడిగా ఉన్నది కరెంటు, ఆ కరెంటు నడిచే దారి.

28 డిసెంబరు, గురువారం

వెనక తలుపు తీసి కూర్చున్నాను. మేనల్లుడికి కాలేజీ సెలవులు, ఈసీఈ చదువుతున్నాడు, నా పక్కన చేరాడు.

పవర్ సప్లై రేకు డబ్బా. ఇట్లాంటి మిషన్లన్నిటికీ దాదాపు ఒకటే రకం: ప్లస్ 5, ప్లస్ 12, మైనస్ 5. బోర్డులోని చిప్పులన్నీ 5 మీద బతుకుతాయి. 12 సౌండుకి, బటన్ల దీపాలకి. మైనస్ 5 ని చాలా బోర్డులు ముట్టనే ముట్టవు. మైనస్ 5 రావట్లేదు, అదే కారణమని కుర్రవాడికి ఎవరో చెప్పి భయపెట్టారు. బోర్డు మీద ఆ కాలు పట్టుకుని వెతికితే, దానికి దారే లేదు.

మేనల్లుడు మీటరు తీసుకుని డబ్బా స్క్రూల మీద పెట్టాడు.

"మామా, అయిదున్నర వస్తంది. తక్కువేం లేదే!"

"ఎక్కువెందుకొచ్చిందో అడుగు ముందు."

5.52. డబ్బా మీద చిన్న తిరుగుడు స్క్రూ ఉంటుంది, 5 వోల్టులు సర్దుకునేందుకు. దాన్ని ఎవరో పైకి తిప్పారు. చిప్పులకి కావలసింది 4.75 నుంచి 5.25 మధ్య, అంతే. మరి 5.52 లో బోర్డు ఎలా బతికింది? మీటరు ముళ్లు తీసుకెళ్లి బోర్డు మీద, చిప్పు కాళ్ల దగ్గర పెట్టించాను. 4.68.

వాడు మీటరు వంక చూశాడు, నా వంక చూశాడు, బాటరీ తక్కువుందేమో అన్నాడు. బాటరీ బాగానే ఉంది. ముప్పావు వోల్టు పైన దారిలోనే మాయమవుతోంది.

మాయమయ్యే చోటు కనుక్కోవడానికి తేలికైన పద్ధతి ఉంది. మిషను ఆడుతుండగా మీటరు ఒక ముల్లు సప్లై ప్లస్ స్క్రూ మీద, రెండోది బోర్డు ప్లస్ మీద పెట్టాలి. తీగ మంచిదైతే సున్నాకి దగ్గర చూపాలి. చూపింది 0.49. తర్వాత గ్రౌండు నుంచి గ్రౌండుకి పెట్టాలి. అక్కడ 0.35. రెండూ కలిపితే పోయిన లెక్క సరిపోయింది. గ్రౌండు వైపు కూడా వోల్టులు పోతాయనే ఆలోచన చాలామందికి రాదు. వచ్చిన కరెంటు మళ్లీ తిరిగి పోవాలి గదా, పోయే దారిలోనూ చిలుము ఉండొచ్చు.

చిలుము ఉంది. బోర్డు అంచు దూర్చే సాకెట్టు తీసి చూస్తే ఆకుపచ్చగా పట్టి ఉంది. ఆ సాకెట్టు పేరు జామా. 1985లో జపాన్ ఆట మిషన్ల తయారీదారుల సంఘం పెట్టిన కొలత. 56 కాళ్లు, పక్కకి 28. ఏ కాలుకి ఏది రావాలో అందరూ ఒప్పుకున్నారు కాబట్టే టోక్యోలో పుట్టిన బోర్డు కావలిలో వడ్రంగి చేసిన పెట్టెలో ఆడుతుంది. అందులో 5 వోల్టులకి నాలుగు కాళ్లు, గ్రౌండుకి ఎనిమిది. ఇక్కడ 5 వోల్టుల నాలుగు కాళ్లలో రెండిటికే తీగ వేశారు. ఆ రెండిట్లో ఒకటి నల్లగా మాడి ఉంది. బోర్డు తాగేది 4 ఆంపియర్లు. దారిలో ఓములో అయిదో వంతు అడ్డం పడితే చాలు, 0.8 వోల్టులు అక్కడే వేడిగా మారి పోతాయి.

అంటే ముందు చూసిన మెకానిక్ దారి బాగుచెయ్యకుండా సప్లైని పెంచాడు. కొన్నాళ్లు ఆడుతుంది కూడా. చిలుము పెరిగేకొద్దీ మళ్లీ తిప్పాలి. ఇందులో అసలు ప్రమాదం వేరే ఉంది. సర్దుబాటు 5కి మాత్రమే గాని, 12 దాని వెనకాలే పైకి పోతుంది. కొలిస్తే 13.3. సౌండు ఐసీ వేలు పెట్టనివ్వనంత కాలుతోంది.

29 డిసెంబరు

రొయ్యల చెరువు వాళ్ల ఏరియేటరు ప్యానెల్ పనికి పోయాను. అక్కడా ఇదే కథ: కాంటాక్టరు నిండా పచ్చటి చిలుము. సముద్రం నుంచి వచ్చే గాలి మీదే నా సంసారం నడుస్తోందని మా ఆవిడ ఎగతాళి.

30 డిసెంబరు, శనివారం

పని చేసిన వరస రాసి పెడుతున్నాను. వరస ముఖ్యం.

ముందు తిరుగుడు స్క్రూని కిందికి తిప్పాం, 5.05కి. సాకెట్టుని ముట్టింది ఆ తర్వాతే. ముందే సాకెట్టు బాగుచేసి స్విచ్ వేసి ఉంటే, ఇంతకాలం చిలుము మింగుతున్న ముప్పావు వోల్టు నేరుగా బోర్డు మీదికి పోయేది. అయిదున్నర వోల్టులు చిప్పుల్ని ఒక్క దెబ్బకి చంపకపోవచ్చు. పాత చిప్పుల ఆయుష్షు మాత్రం తగ్గిస్తుంది.

మేనల్లుడు బోర్డు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు. తర్వాత ఐసోప్రొపైల్ స్పిరిట్‌తో తుడిచాం. ఉప్పు కాగితం వద్దన్నాను, పైన ఉన్న పూత లేచిపోతుంది. సాకెట్టుని బాగుచెయ్యడం దండగ. లోపలి స్ప్రింగు వేడికి మెత్తబడితే ఎంత రుద్దినా మళ్లీ పట్టు రాదు. కొత్తది వేశాం. 5 వోల్టుల కాళ్లు నాలుగిటికీ, గ్రౌండు కాళ్లు ఎనిమిదిటికీ లావు తీగలు. ప్రతి చోటా సోల్డరింగ్.

మళ్లీ కొలిస్తే సప్లై దగ్గర 5.06, బోర్డు మీద 4.98. 12 వోల్టులు 12.1కి దిగింది.

సాయంత్రమంతా ఆడించి చూడాలనే నెపంతో మేనల్లుడు ముస్తఫా ఆడాడు. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ వాళ్లు 1993లో విడుదల చేశారు. మార్క్ షుల్ట్జ్ గీసిన జెనోజోయిక్ టేల్స్ అనే బొమ్మల కథ దానికి మూలం. ఆ పేరు మన ఊళ్లలో ఎవరికీ అక్కర్లేకపోయింది. నలుగురు వీరుల్లో పచ్చ టోపీవాడు ముస్తఫా, అందరూ వాణ్ణే తీసుకునేవాళ్లు, గేమ్ మొత్తానికి వాడి పేరే ఖాయమైంది.

క్యాప్‌కామ్ అసలు బోర్డులో ఒక బాటరీ ఉంటుంది. సౌండు ప్రాసెసరు తాళంచెవి దాని మీద నిలబడుతుంది. బాటరీ అయిపోతే తాళంచెవి చెరిగిపోయి బోర్డు మూగబోతుంది. కాపీ కొట్టకుండా పెట్టుకున్న ఏర్పాటు. ఈ కుర్రవాడి దగ్గరున్నది నకిలీ బోర్డు, దాంట్లో ఆ బాటరీయే లేదు. అసలువాటిని బాటరీ మార్చి కాపాడుకోవాలి, నకిలీకి ఆ బాధ లేదు. న్యాయంగా లేదు గాని, నాకు పని తగ్గింది.

రాత్రి తొమ్మిదింటికి కట్టాం. ఒక్కసారి కూడా మొదటికి రాలేదు.

1 జనవరి 2024, సోమవారం

పొద్దున్నే స్విచ్ వేస్తే లేవలేదు.

తెర వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. స్పీకరులో టిక్కు టిక్కు. పావుగంట అలాగే కొట్టుకుని తనంతట తానే కుదుటపడింది. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా వంక లేదు.

కుర్రవాడికి ఫోన్ చేసి అడిగాను. "అవునన్నా, పొద్దున పూట ఎప్పుడూ అంతే, రెండు మూడు సార్లు ఆపి వేస్తాం." ముందు ఎందుకు చెప్పలేదంటే, అది మామూలే అనుకున్నాడంట. రిపేరుకి తెచ్చేవాళ్లు తమకి అలవాటైపోయిన జబ్బుని జబ్బుల జాబితాలో చేర్చరు.

చలికి లేవక, వేడెక్కాక నడిచే పవర్ సప్లై అంటే తొంభై పాళ్లు కండెన్సర్లే. లోపలి ద్రవం ఎండేకొద్దీ అడ్డు పెరుగుతుంది. వేడెక్కితే ఆ అడ్డు కొంత తగ్గి పని సాగుతుంది. మనుషుల మోకాళ్ల నొప్పి లాంటిదే.

రాత్రికి చల్లారనిచ్చి రేపు చూడాలి.

2 జనవరి

పొద్దున డబ్బా మూత తీసి పెట్టుకుని, మా అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే మిషను అడిగి తెచ్చాను. స్విచ్ వేస్తే యథాప్రకారం టిక్కు టిక్కు. ఆపి, 5 వోల్టుల వైపు కండెన్సర్ల మీద వేడిగాలి కొట్టించి, మళ్లీ వేశాం. మొదటిసారికే లేచింది.

మేనల్లుడి సందేహం న్యాయమైనదే. మీటరులో 4.98 చూపిస్తూనే ఉంది గదా, మరి బోర్డు ఎందుకు పడిపోతోంది? మీటరు చూపేది సగటు. ఆ సప్లై సెకనుకి వేలసార్లు స్విచ్ వేసి ఆపుతుంది, ప్రతిసారీ వచ్చే ఎగుడుదిగుడుని కండెన్సరు చదును చెయ్యాలి. చదును కాకపోతే 4.98 అనే సగటు కింద ఎన్నో గుంటలు. బోర్డుని మొదటికి తెచ్చే రీసెట్ ఐసీకి ఒక్క గుంట చాలు. వాడి దగ్గర ఆ ఎగుడుదిగుళ్లని గీతగా చూపే, అరచేతిలో పట్టే చిన్న స్కోపు ఉంది, పెట్టి చూపించాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పై కొసకీ కింది కొసకీ మధ్య 0.9 వోల్టు. వేడెక్కాక 0.3. కంప్యూటర్ సప్లైలకి ఈ 5 వోల్టుల మీద ఒప్పుకునేది 0.05.

ఈ స్కోపు నేను పని నేర్చుకున్న రోజుల్లో ఉంటే ఎంత బాగుండేది! అప్పట్లో స్కోపు చూడాలంటే ఎవరో ఒక లెక్చరర్ని బతిమాలుకుని కాలేజీ ల్యాబుకి పోవాల్సిందే.

ఇక డబ్బా విప్పాలి. ఇక్కడ వాడికి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇంటి కరెంటు 230 అంటాం గాని, డయోడ్లు దాటి పెద్ద కండెన్సర్లలో చేరేసరికి 325 వోల్టులు. ప్లగ్గు పీకినా అది అక్కడే కాచుకుని ఉంటుంది. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి చిటపటలాడించడం కొందరికి గొప్ప. కండెన్సరు, స్క్రూడ్రైవరు, కన్ను, దేనికీ మంచిది కాదు. గుండు బల్బు తీగలు రెండూ ఆనించాలి. ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. తర్వాత మీటరు పెట్టి సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

ఆ గుండు బల్బులు ఇప్పుడు దొరకటం గగనమైపోయింది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. రిపేరు చేసిన సప్లైని మొదటిసారి వేసేటప్పుడు దానికి వరసలో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి వేస్తాం. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలిగి ఆ భారం తనమీద వేసుకుంటుంది, సప్లై బతుకుతుంది. షార్టు లేకపోతే ఒక్కసారి వెలిగి మసకబడుతుంది. చల్లటి ఫిలమెంట్‌కి అడ్డు తక్కువ, కాలితే పది రెట్లకి పైగా పెరుగుతుంది. ఆ గుణం వల్లే ఇది సాగుతుంది. దొరికినప్పుడల్లా బల్బులు కొని అటక మీద పెడుతున్నాను.

విప్పితే 5 వోల్టుల వైపు 2,200 మైక్రోఫారడ్లవి రెండు. ఒకటి తల ఉబ్బి ఉంది. రెండోది పైకి చక్కగా ఉంది. పీకి టెస్టరులో పెడితే ఉబ్బనిదే మరీ దారుణం. నిల్వ శక్తి 1,700 చూపింది, అదొక్కటే చూస్తే దాదాపు పాసే. ఈఎస్ఆర్, అంటే లోపలి అడ్డు, మాత్రం 0.9 ఓము. కొత్తదానికి ఓములో వందో వంతుల్లో ఉండాలి. కంటికి కనపడ్డ ఒక్కదాన్నే మార్చి పంపిన సప్లైలు మళ్లీ తిరిగొచ్చేది అందుకే. సప్లైని నడిపించే టీఎల్494 ఐసీ చుట్టూ ఉన్న చిన్న కండెన్సర్లు కూడా ఎండినాయి. మొత్తం మార్చాలని రాసుకున్నాను.

4 జనవరి, గురువారం

కండెన్సర్లు నెల్లూరి నుంచి బస్సులో వేయించుకున్నాను. 105 డిగ్రీలవి, లో ఈఎస్ఆర్ రకం. 85 డిగ్రీలవి సగం ధర కదా అని కుర్రవాడి బేరం. రేకుల షెడ్డు, మే నెల, మూసిన పెట్టె, పక్కనే పిక్చర్ ట్యూబు వేడి. కండెన్సరు వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెండింతలవుతుందని మా పనిలో లెక్క. 105 దగ్గర 2,000 గంటలని రాసినది, 65 దగ్గర నడిస్తే 32,000 గంటలు. అదే 2,000 గంటలు రాసిన 85 డిగ్రీలదైతే 8,000 గంటలే. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఇంకేం మాట్లాడలేదు.

మార్చాక వెంటనే బోర్డుకి తగిలించలేదు. పాత కారు హెడ్‌లైటు బల్బులు రెండు ఉన్నాయి, 12 వోల్టుల 55 వాట్లవి. 5 వోల్టుల మీద ఒక్కోటి దాదాపు 3 ఆంపియర్లు తాగుతుంది. రెండూ తగిలించి సాయంత్రం దాకా వెలిగించాం, ఎర్రగా గుడ్డిగా. 5.04. స్కోపులో 0.04. అప్పుడు బోర్డు.

7 జనవరి, ఆదివారం

పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్విచ్ వేస్తే మొదటిసారికే లేస్తోంది. పని అయినట్టే, మిషను ఇచ్చెయ్యొచ్చు. ఇవ్వలేదు. దాని మీద చిన్న గొడవ.

బిళ్లలు వేసే రేకు మీద చెయ్యి పెడితే జివ్వుమంటోంది. "అది మొదట్నుంచీ ఉందన్నా, పెద్ద షాకేం కాదు" అన్నాడు. నిజమే, పెద్దది కాదు. పవర్ సప్లై లోపల ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి రేకు డబ్బాకి రెండు చిన్న కండెన్సర్లు ఉంటాయి, రేడియో గోలని భూమిలోకి పంపడానికి. ఎర్త్ తీగ లేకపోతే డబ్బా వాటి మధ్యలో వేలాడి సగం వోల్టేజీకి, 115 దాకా, లేస్తుంది. కరెంటు మిల్లీ ఆంపియర్‌లో మూడో వంతు కూడా ఉండదు కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది. అది మామూలు గుణమే, ఒప్పుకుంటాను. కాని ఉప్పు తేమ పట్టిన ప్లైవుడ్‌లో, తెగిన తీగ ఒకటి రేకుకి ఆనితే అప్పుడు వచ్చేది జివ్వు కాదు. సముద్రంలో తడిసి, చెప్పుల్లేకుండా, తడి ఇసక మీద నిలబడి ఆడేది పదేళ్ల పిల్లకాయలు.

చూస్తే వైరులో ఎర్త్ తీగ ఉంది, ప్లగ్గు దగ్గర కత్తిరించేశారు. షెడ్డులో రెండు రంధ్రాల బోర్డే ఉందంట.

ఎర్త్ గుంట తీసి, మూడు పిన్నుల బోర్డు, కరెంటు భూమిలోకి కారితే తెంపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించిందాకా మిషను నా షాపులోనే ఉంటుందని చెప్పాను. "పండగ పోతే నాకేం మిగుల్తుందన్నా?" అన్నాడు, కోపంగానే. వాడి కోపం నాకు అర్థమైంది, కాని మాట మార్చుకోలేదు. మా ఆవిడ లోపల్నుంచి విని, రిపేరు డబ్బులు కూడా రావేమో చూసుకోండి అంది.

11 జనవరి

తుమ్మలపెంట దారిలో షెడ్డు దగ్గరికి నేనూ మేనల్లుడూ పోయాం. గుంట తీసి ఉంచాడు. ఇసక నేలలో ఎర్త్ సరిగ్గా పట్టదు, పైన ఎండిన ఇసక కరెంటుని దాదాపు పోనివ్వదు. లోతుకి పోయి తేమ తగిలాక జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలుగా పోశాం. పైన నీళ్లు పొయ్యడానికి గరాటు. సాకెట్టు కాళ్లని తినేసిన ఉప్పునే మూటలు కొనుక్కొచ్చి గుంటలో పోస్తుంటే మేనల్లుడికి నవ్వొచ్చింది. ఆ పైపుని కూడా తింటుంది, కొన్నేళ్లకి మార్చుకోవాలని కుర్రవాడికి చెప్పాను.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది. మిషను పెట్టి బిళ్లల రేకు మీద చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. గాలి ఆడేందుకు పెట్టె వెనక, కింద ఒక చోట, పైన ఒక చోట రంధ్రాలు కోశాం, దోమతెర వల కొట్టాం. వెనక తలుపు లోపలి వైపు మార్కరుతో రాశాను: సప్లై దగ్గర 5.06, బోర్డు మీద 4.98, తేదీ. ఈ రెండు అంకెల మధ్య తేడా పెరిగితే తిరుగుడు స్క్రూ జోలికి పోకుండా సాకెట్టు తియ్యమని కింద రాశాను. తర్వాత చూసే మెకానిక్ ఎవరైనా గాని, చదువుకుంటే మేలు.

డబ్బులు సగం ఇచ్చాడు. మిగతా సగం కనుమ తర్వాత.

17 జనవరి, బుధవారం

మిగతా సగం ఇచ్చాడు, ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకుండా. కనుమనాడు మిషను పొద్దున్నుంచి రాత్రి దాకా నడిచిందంట. ఒకసారి ఆగిందంట, బిళ్లల స్విచ్ పుల్ల ఇరుక్కుని. బిళ్లల మాటకి ఒక పాత కథ గుర్తొచ్చింది. కాలిఫోర్నియాలో సన్నీవేల్ ఊరి సారాకొట్లో 1972లో అటారీ వాళ్లు పాంగ్ మొదటి మిషను పెడితే, పాడైందని కబురొచ్చిందంట. ఇంజనీరు పోయి చూస్తే బిళ్లలు నిండిపోయి లోపల ఇంకొకటి పట్టక ఆగిపోయి ఉంది. కుర్రవాడికి ఈ కథ చెప్తే, మనకీ ఆ రోగమే రావాలన్నా అన్నాడు.

వాడితో ఇంకో పెట్టె వచ్చింది, పాత ఇనుము కొట్లో పడి ఉంటే కొన్నాడంట. ఫ్యూజు చోట రాగి తీగ చుట్టి ఉంది. సప్లై పక్కన చిన్న ఎర్ర స్విచ్, 115 మీద ఉంది. ఆ స్థితిలో 230 ఇస్తే లోపల వోల్టేజీ రెండింతలై 650 దాకా పోతుంది. అక్కడ ఉన్నవి 200 వోల్టుల కండెన్సర్లు రెండు. ప్లగ్గు పెట్టబోతున్న మేనల్లుణ్ణి ఆపి, ఆ స్విచ్‌కి పోయే తీగ కత్తిరించి కొసకి టేపు చుట్టమన్నాను. రాగి తీగ పీకేసి 3 ఆంపియర్ల ఫ్యూజు వేయించాను. రేపు సీరీస్ బల్బు మీద వేసి చూడాలి.